పదో వేలు కూడా అయ్యాక

కాశీబుగ్గలో మా డిపోకి
నెల మొదటి నాలుగు రోజులూ జీడి వాసన వస్తుంది.
బియ్యానిది కాదు, గోనెలది కాదు,
బట్టీ నుంచి నేరుగా వచ్చి వరసలో నిలబడ్డ
ఆడవాళ్ళ చేతులది.

నేను మిషను పట్టుకునే మనిషిని.
తూకం ఇంకొకరిది, తాళం డీలరుగారిది,
నాది ఈ అరచేతంత ఎర్ర దీపం.

దాలమ్మ బొటనవేలు పెట్టింది.
సరిపోలలేదు.
కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది.
సరిపోలలేదు.
చూపుడువేలు. నడిమివేలు. ఎడం చెయ్యి.
"సిటికినేలు కూడా ఎట్టీమంటావేటి బావూ?"
పెట్టమన్నాను.
పదో వేలు కూడా అయ్యాక
రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పరిచి
"మరియ్యి నావి కావేటి?" అంది.

కావని నేననలేదు, మిషను అంది.
అయినా రాత్రి అన్నం కలుపుకుంటుంటే
నా వేళ్ళే నాకు అడ్డొచ్చాయి.

పిక్క పగిలినప్పుడల్లా
డొల్లలోంచి ఓ చుక్క వేలి మీదికొస్తుంది.
మొదట మంట. తర్వాత నలుపు.
తర్వాత పొర లేస్తుంది,
పొరతో పాటు
అమ్మ కడుపులో పడ్డ గీతలూ లేచిపోతాయి.
గుండుకి ఒక ధర, బద్దకి ఒక ధర, నూకకి ఇంకోటి.
పప్పు మీద గీటు పడితే కూలి కోస్తారు.
వేలి మీద గీత పోతే
ఆ లెక్క ఏ పద్దులోనూ లేదు.

ఆశా కార్యకర్త ఊర్మిళ ఆముదం సీసాతో తిరిగింది,
చేతితొడుగులు ఇమ్మని షావుకారుతో పోట్లాడింది.
తెప్పించాడు. మగవాళ్ళ సైజువి.
"ఇయ్యేసుకుంటే పప్పు సేతికి తెలీదు, ఇరిగిపోతాది" అని
వేళ్ళ కొనలు కత్తిరించుకున్నారు వాళ్ళు,
సరిగ్గా ఎక్కడ కావాలో అక్కడ.

కన్ను చూసే మిషను వస్తుందని పోయిన ఏడాది అన్నారు.
బట్టీ పొగకి కారే ఆ కళ్ళు
దానికైనా ఆనతాయో లేదో.

నేనొక పొడుగు నోటుపుస్తకం కొన్నాను.
వేలు పడని వాళ్ళ పేర్లు, ముప్పై నాలుగు.
అర్జీ రాసి ఆఫీసుకి పట్టుకెళ్ళాను.
"కింద సంతకాలేవీ?
చదువు రానివాళ్ళయితే వేలిముద్రలు వేయించుకురా"
అన్నాడు గుమాస్తా.
అన్నాక తనే ఆగిపోయాడు.
ఫ్యాను తిరుగుతోంది. ఇద్దరం దాన్నే చూశాం.

శ్రావణంలో బృందావతి వచ్చింది.
కాన్పుకని సోంపేట వెళ్ళిన పిల్ల,
నాలుగు నెలలు పిక్క ముట్టలేదు.
చంకలో బిడ్డ, చేతిలో సంచి.
వేలు పెట్టింది.
పచ్చ దీపం. మొదటిసారికే.

వరస చెదిరిపోయింది.
"ఏదీ, ఏదే" అంటూ అందరూ మీద పడ్డారు,
బిడ్డని చూడ్డానికి కాదు.
దాలమ్మ ఆ బొటనవేలిని ఎండకి ఎత్తి పట్టుకుంది.
సుడి మీద సుడి,
కొత్తగా దున్నిన చెక్కలా.
"ఒలమ్మ, మొలిసీసినాయే!
ఏటి రాసినావే గుంటా?"
"ఏటీ రాయలేదప్పా. ఊరుకున్నాను."

ఊరుకుంటే వస్తాయి.
ఆ మాట వరస చివరిదాకా పాకింది,
పాకి అక్కడే ఆగింది.
ఊరుకోడానికి ఎంతవుతుందో
ఎవరికి వాళ్ళు లోపల కూడుకుంటున్నారు,
పాలు, చీటీ, పిల్లాడి ఫీజు,
కూడిన కొద్దీ తల దించుకుంటున్నారు.

బియ్యం కొలిచాం.
పేరు కొట్టేద్దామని నోటుపుస్తకం తీశాను,
ఇరవై ఏడో పేరు, బృందావతి.
బిడ్డని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ
"సోమారం నుంచి పనికెళ్తన్నాను బావూ" అంది.

కలానికి మూత పెట్టేశాను.